పై మిషనూ కింది మిషనూ

ఆ ఉదయం మేస్త్రీ భార్య మోకాలు మెట్ల మధ్యలో మొరాయించింది. ఒక చేత్తో కమ్మీ, రెండో చేత్తో పెన్‌డ్రైవు పట్టుకుని, పైకి ఎక్కలేక కిందికి దిగలేక ఆవిడ అక్కడే నిలబడిపోయింది.

"ఇక నా వల్ల కాదు!" అని అరిచింది.

ఆ అరుపు పైగదిలో ఉన్న తమ్ముడికి వినబడింది. కింద ముందుగదిలో ఉన్న మొగుడికీ వినబడింది. ఇద్దరూ కుర్చీల్లోంచి లేచారు, ఇద్దరూ గుమ్మాల దాకా వచ్చారు, ఇద్దరూ అక్కడే ఆగిపోయారు. ఒకడు మెట్ల మీదికి వస్తే రెండోవాడి మొహం చూడాల్సి వస్తుంది మరి. ఇంట్లో మనిషి కాలు విరిగినా ఫరవాలేదు గానీ మగవాడి పంతం విరగకూడదు.

ఆవిడ అటూ ఇటూ చూసింది. ఎవరూ రారని తేలాక మెట్టు మీద చతికిలబడి, నడక రాని పిల్లలా ఒక్కో మెట్టూ జారుకుంటూ కిందికొచ్చింది. కుంటుకుంటూ వెళ్ళి పెన్‌డ్రైవును మేస్త్రీ టేబుల్ మీద ఠపీమని పెట్టింది.

"ఇన్నాళ్ళూ నేను మోశాను. ఇక ఎవరి మూట వాళ్ళు మోసుకోండి."

"ఆ మాట వాడికి చెప్పు," అన్నాడు మేస్త్రీ.

"అక్కా, నాకు వినబడిందని మీ ఆయనకు చెప్పు," అంది పైనుంచి గొంతు.

"వినబడిందటగా?" అంది ఆవిడ మొగుడితో.

"విన్నాను అని చెప్పు."

"చెప్పను! నేనేమన్నా టెలిఫోను తీగనా?" అని ఆవిడ కుర్చీ లాక్కుని, కాలు స్టూలు మీద చాపుకుని, మెట్ల మొదట్లోనే కూర్చుంది.

నిజానికి ఆ ఇంట్లో తీగ ఆవిడే. పైన బావమరిది పుస్తకాలు టైపు చేస్తాడు, కవర్లకు బొమ్మలు వేస్తాడు. కింద మేస్త్రీ, అంటే అచ్చుపని మేస్త్రీ, ఆ టైపు చేసినదాన్ని పేజీలుగా కడతాడు. పై మిషన్లోంచి కింది మిషన్లోకి రావాల్సిన ప్రతి ఫైలూ ఆవిడ గుప్పిట్లోనే దిగేది, ప్రూఫు దిద్దుబాట్లు ఆవిడ గుప్పిట్లోనే ఎక్కేవి. వాటితో పాటు మాటలు కూడా. "అంచు వంకరగా వచ్చిందని చెప్పు" అని పైవాడు అంటే, "వంకర అంచుకు కాదు, చూసేవాడి బుద్ధికి అని చెప్పు" అని కిందివాడు అనేవాడు. ఆవిడ మెట్లెక్కే లోపల ఆ మాటలోని ముళ్ళన్నీ ఏరేసి, పైకి వెళ్ళేసరికి "ఒకసారి చూస్తాడటరా" అని అప్పజెప్పేది. ఆ ఇంట్లో అసలైన ప్రూఫు రీడింగు జరిగింది మెట్ల మీదే.

బావా బావమరుదులు ఇలా ఎడమొహం పెడమొహం అయి కొన్నేళ్ళయింది. అంతకుముందు వాళ్ళిద్దరూ ఒకే బల్ల మీద బతికారు.

బజారు సందులో ఒక పాత మేడ మెట్ల కింద ఉండేది వాళ్ళ కొట్టు. కప్పు మెట్ల వాలుకు వాలి ఉండేది కాబట్టి లోపలికి పోయేకొద్దీ మనిషి వంగాలి. బావమరిది పొడగరి. రోజుకోసారైనా నెత్తి కొట్టుకునేవాడు. "మెల్లిగా, మేడ కూలుతుంది" అనేవాడు మేస్త్రీ. పొడుగాటి చెక్కబల్ల ఒకటి, దాని మీద పక్కపక్కనే రెండు మిషన్లు. మిషన్లంటే ఇప్పటి పలకల్లాంటివి కావు. వెనక పెద్ద మూపురంతో గూట్లో కూర్చున్న కోడిపెట్టల్లా ఉండేవి. చలికాలం పొద్దున్నే వాటి మూపురం మీద చేతులు కాచుకుని పని మొదలుపెట్టేవాళ్ళు.

రెండు మిషన్లకూ మధ్య తీగ లేదు, నెట్‌వర్కు లేదు. ఉన్నది ఒక ఫ్లాపీ. టైపు అవగానే బావమరిది ఆ నల్ల బిళ్ళను మిషను నోట్లోంచి లాగి, అటు చూడకుండానే బల్ల మీద జర్రున తోసేవాడు. అది క్యారమ్స్ స్ట్రైకరులా జారుకుంటూ వచ్చేది. మేస్త్రీ కూడా ఇటు చూడకుండానే అరచేత్తో అదిమి ఆపేవాడు. ఒక్కరోజు కూడా అది కిందపడలేదు. తీగలు లేకుండా ఫైళ్ళు పంపడం కొత్త విద్య అని ఈ మధ్య ఎవరైనా గొప్పలు పోతే మేస్త్రీకి నవ్వు వచ్చేది. అతను ఆ విద్యలో పండిపోయినవాడు.

ఫ్లాపీ లోపల తిరుగుతుంటే మిషను కర్రు కర్రుమనేది. ఆ చప్పుడును బట్టే అది తెరుచుకుంటుందో మొండికేస్తుందో ఇద్దరికీ తెలిసిపోయేది. మొండికేస్తే బావమరిది ఫ్లాపీని చొక్కాకేసి తుడిచి, దాని చెవిలో ఏదో ఊదేవాడు. ఏం ఊదావురా అంటే, "మా బావ మంచివాడు, భయపడకు అని చెప్పా" అనేవాడు. ఒక టీ తెప్పించి ఇద్దరూ చెరిసగం తాగేవాళ్ళు. ప్రశ్నపత్రాలిచ్చే ట్యూషను మాస్టర్లు, కరపత్రాలు వేయించే సంఘంవాళ్ళు, బిల్లుపుస్తకాలు కొట్టించే టైలర్లు ఆ వాలు కప్పు కింద వంగి నిలబడి, "మీ ఇద్దరిలో యజమాని ఎవరండీ?" అని అడిగితే ఇద్దరూ ఒకరినొకరు చూపించుకునేవాళ్ళు.

తర్వాత రోడ్డు వెడల్పు చేస్తామని మేడ కొట్టేశారు. మెట్లు పోయాయి, మెట్ల కింద కొట్టూ పోయింది. మిషన్లు రెండూ మేస్త్రీ ఇంటి ముందుగదిలోకి చేరాయి. అక్కడిదాకా బాగానే ఉంది.

ఒకరోజు ఒక హెడ్మాస్టరు తన వ్యాసం అచ్చు చూసుకోవడానికి వచ్చాడు. అందులో ఒక వాక్యం మేస్త్రీకి నచ్చలేదు. నచ్చకపోతే ఊరుకోవచ్చుగా? ఊరుకోలేదు. దిద్దాడు. హెడ్మాస్టరు అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. పని చేజారిపోయేలా ఉందని బావమరిది గబగబా నవ్వుమొహం పెట్టి, "ఏమనుకోకండి సార్, మా బావ ఏడో తరగతితో ఆపేశాడు, ఆయనకేం తెలుసు" అన్నాడు.

పని నిలిచింది. హెడ్మాస్టరు చల్లబడి వెళ్ళిపోయాడు. మేస్త్రీ మాత్రం కుర్చీలో అలాగే ఉండిపోయాడు. ఏడో తరగతి అన్న మాట అబద్ధం కాదు. అబద్ధమైతే అతనే నవ్వేసేవాడు. లోకంలో ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఆ మాట అంటూనే వచ్చారు. బ్యాంకులో అన్నారు, ఆఫీసులో అన్నారు, పెళ్ళిచూపుల్లో కూడా అన్నారు. అవన్నీ చొక్కా మీద దుమ్ము. దులిపేస్తే పోయేవి. కానీ చెరిసగం టీ తాగిన నోటితో అదే మాట వస్తే ఎక్కడ దులుపుకోవాలో అతనికి తెలియలేదు.

తెలియక నోరు జారాడు. "నా ఇంటి కప్పు కింద కూర్చుని నాకే పాఠాలా?" అన్నాడు.

బావమరిది అదే సాయంత్రం తన మిషనును పైగదికి మోసుకుపోయాడు. మర్నాటికి పైగది గుమ్మానికి 'మెరుపు గ్రాఫిక్స్' అని కాగితం అంటించి ఉంది. మేస్త్రీ తక్కువ తిన్నాడా? ముందుగదికి 'ముత్యం డి.టి.పి.' అని అట్ట తగిలించాడు. పిట్టలు రెండూ పోట్లాడుకుని చెరో కొమ్మ ఎక్కితే మధ్యలో చెట్టు ఊగింది. ఆ ఊగింది ఆవిడ మోకాలు.

ఆవిడ మెట్ల మీద ఆగిపోయిన రోజే డాక్టరు మోకాలు నొక్కి చూసి, "మెట్ల మొహం చూడొద్దు" అన్నాడు. ఆ మాట ఇంట్లో చెప్పగానే బావమరిది గొంతు పైనుంచి కాస్త మెత్తగా వచ్చింది.

"అక్కా, నేనే చెబుదామనుకుంటున్నా. పెద్ద ప్రెస్సువాళ్ళు రమ్మంటున్నారు. ఊరి అవతల. ఉండటానికి గది కూడా వాళ్ళదే. సోమవారం వచ్చి చేరమన్నారు. నేను పోతే నీకు ఈ మెట్ల బాధ ఉండదు."

"పోతే పోనీ. పీడ విరగడవుతుంది," అన్నాడు మేస్త్రీ, ఎవరూ అడక్కుండానే. అని, కట్టేసిన పేజీనే మళ్ళీ విప్పి మళ్ళీ కట్టడం మొదలుపెట్టాడు. ఆ పేజీలో ఏం కడుతున్నాడో అతనికే తెలియదు. పైగది ఖాళీ అయితే పొద్దున్నే నెత్తి మీద కుర్చీ జరిగే చప్పుడుండదు. ఆ చప్పుడు వింటేనే ఇన్నేళ్ళుగా అతను తన మిషను మీట నొక్కేది. ఈ సంగతి భార్యకు కూడా తెలియదు. తెలిస్తే ఆ మెట్ల మీదే నిలబడి నవ్వేది.

ఆవిడ నవ్వలేదు గానీ ఒక పని చేసింది. మర్నాడు మళ్ళీ ఆస్పత్రికి వెళ్ళి వస్తూ పక్కనున్న కంప్యూటర్ల కొట్లో ఆగి, రెండు కొమ్ములున్న తెల్ల డబ్బా ఒకటీ, వేలి కణుపంత ముక్కలు రెండూ కొనుక్కొచ్చింది. డబ్బాను మెట్ల సగంలో ఉన్న గూట్లో పెట్టించి కరెంటు ఇప్పించింది. ఒక ముక్క మొగుడి చేతిలో పెట్టింది. రెండోది తీసుకోవడానికి, మేస్త్రీ బజారుకెళ్ళిన సమయం చూసి తమ్ముడు దిగివచ్చాడు.

"ఒప్పందం వినండి ఇద్దరూ," అంది ఆదివారం పొద్దున, మెట్ల కింద కుర్చీలో మంత్రిలా కూర్చుని. "ఈ డబ్బా తీగ లేకుండా రెండు మిషన్లనూ కలుపుతుందట. కలిస్తే పై ఫైలు కింద కనబడుతుంది, కింది ఫైలు పైన కనబడుతుంది. నేను ఎక్కక్కర్లేదు, మీరు మొహాలు చూసుకోనక్కర్లేదు. సాయంత్రం లోపల కలిశాయా, నువ్వు ఎక్కడికీ పోవురా. కలవలేదా, రేపు నీ దారి నీది. సరేనా?"

"కలిస్తే చూద్దాం," అన్నాడు పైవాడు.

"మీరేమంటారు?"

"నేనేమంటాను? నా మిషను సంగతి నేను చూసుకుంటా," అన్నాడు కిందివాడు.

పని మొదలైంది. కొట్టువాడు చెప్పినదంతా ఆవిడ బుర్రలో ఉంది. మొగుడికీ తమ్ముడికీ ఒకేసారి పాఠం చెప్పడం ఆవిడ జీవితంలో మొదటిసారి. ఆ సంబరం గొంతులో తెలుస్తూనే ఉంది.

"ఆ ముక్క మిషను వెనక గుచ్చండి. గుచ్చారా? తెర మీద డబ్బా పేరు కనబడాలి."

"కనబడింది." "కనబడింది."

"దాన్ని నొక్కితే తాళం మాట అడుగుతుంది. అందరికీ గుర్తుండాలని నా పుట్టినరోజు పెట్టించాను. కొట్టండి."

  కింద కీబోర్డు టకటకలాడింది. మళ్ళీ ఆగింది. పైన కూడా అంతే.

"తప్పని వస్తోందా?"

రెండు చోట్లా టకటక మళ్ళీ మొదలై మళ్ళీ ఆగింది.

"ఇద్దరికీ తెలియదన్నమాట! కట్టుకున్నవాడికీ తెలియదు, తోడబుట్టినవాడికీ తెలియదు!"

"నెల తెలుసు," అన్నాడు మేస్త్రీ నెమ్మదిగా.

"నాకు తేదీ తెలుసక్కా," అన్నాడు పైవాడు.

"ఇద్దరినీ కలిపితే ఒక మనిషికి సరిపోయే తెలివి," అని ఆవిడ పుట్టినరోజు తానే అరిచి చెప్పింది. వీధిలో పోయేవాళ్ళందరికీ కూడా తెలిసిపోయింది.

తాళం తెరుచుకుంది. ఫైళ్ళు పెట్టుకునే ఫోల్డరును ఎవరికి వాళ్ళు రెండోవాడికి కనబడేలా తెరిచి పెట్టారు. అక్కడిదాకా పని నీళ్ళు పోసినట్టు సాగింది.

"ఇంక ఆఖరిది. రెండు మిషన్లకూ గుంపు పేరు అని ఒకటుంటుందట. అది ఇంటిపేరు లాంటిదమ్మా అన్నాడు కొట్టు అబ్బాయి. ఒకే ఇంటిపేరు ఉంటేనే చుట్టాలమని గుర్తుపడతాయట. లేకపోతే పక్కపక్కనే ఉన్నా పరాయివే. మీ మిషనుకు ఏం ఉంది?"

"ముత్యం," అన్నాడు మేస్త్రీ.

"నీకేం ఉందిరా?"

"మెరుపు."

"ఎవరో ఒకరు మార్చుకోండి."

"బావకూ బావమరిదికీ ఒకే ఇంటిపేరు లోకంలో ఎక్కడన్నా ఉంటుందా?" అన్నాడు మేస్త్రీ. "వాడి పేరు కింద చేరడానికి నా మిషనేమన్నా దిక్కులేనిదా?"

"అక్కా, నా మిషను ఎవరికీ దత్తతకు రాదని చెప్పు."

"నేను వాడిని రమ్మన్నానా?"

"రమ్మనలేదనే నేనూ అంటున్నానని చెప్పు."

ఆవిడ ఇద్దరి వైపూ చెయ్యి విసిరింది. "తెగేదాకా లాగండి. నేను పోయి కాసేపు నడుం వాలుస్తా. నేను లేచేసరికి కలిస్తే కలిశాయి. లేకపోతే వాడికి అట్టపెట్టెలు నేనే కట్టిపెడతా." కుంటుకుంటూ లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.

మధ్యాహ్నపు ఎండ కిటికీలోంచి కీబోర్డు మీద పడింది. మీటల మీద అక్షరాలు అరిగిపోయాయి. మేస్త్రీకి అక్కర్లేదు, వేళ్ళకు తెలుసు. ఆ వేళ్ళకు నేర్పింది ఎవరు? అక్కడికే వచ్చి ఆగింది అతని ఆలోచన.

చిన్నప్పటి నుంచి అతను సీసం అక్షరాలు ఏరినవాడు. గళ్ళ పెట్టె ముందు నిలబడి, చూడకుండా ఒక్కో గడిలోంచి ఒక్కో అక్షరం తీసి వరస పేర్చేవాడు. వేళ్ళ కొసలు ఎప్పుడూ నల్లగా ఉండేవి. అన్నం తినేటప్పుడు సిగ్గేసేది. ఒకరోజు అచ్చాఫీసు యజమాని ఆ సీసమంతా తూకానికి అమ్మేసి, "ఇక కంప్యూటరేనయ్యా" అన్నాడు. తూకానికి పోయింది సీసం ఒక్కటే కాదు. ముప్పై దాటిన మనిషి, చేతిలో పని లేక, ఇంట్లో గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. అప్పుడు ఈ బావమరిదే, మీసాలు సరిగ్గా రానివాడు, ఎక్కడో పాత మిషను సంపాదించి తెచ్చి, అతన్ని దాని ముందు కూర్చోబెట్టాడు.

మౌసు పట్టుకోవడం రాలేదు మేస్త్రీకి. బాణం గుర్తును తెర మీద పైకి తీసుకెళ్ళమంటే మౌసును గాల్లోకి లేపాడు. పక్కకు తీసుకెళ్ళమంటే బల్ల చివరిదాకా లాక్కుపోయి కింద పడేశాడు. ఇంకెవరైనా అయితే నవ్వి చచ్చేవాళ్ళు. వాడు నవ్వలేదు. వంగి మౌసును తీసి, మళ్ళీ బల్ల మీద పెట్టి, మేస్త్రీ నల్ల వేళ్ళ మీద తన చెయ్యి వేసి, "అక్షరాలు ఏరినట్టే బావా. నీకు వచ్చిన పనే ఇది. పెట్టె మారిందంతే" అన్నాడు. ఆ చెయ్యి బరువు ఎంతసేపు ఉందో! గుర్తు తనంతట తాను తెర మీద వరస తప్పకుండా నడిచేదాకా ఉంది.

ఆయనకేం తెలుసు అన్నవాడూ, నీకు వచ్చిన పనే అన్నవాడూ ఒక్కడే. మరి మనిషి ఏ మాటను పట్టుకుని వేలాడాలి? ఇన్నేళ్ళూ మొదటిదాన్ని పట్టుకుని వేలాడి మేస్త్రీకి చేతులు నొప్పి పుట్టాయి.

లోపలి గది తలుపు వైపు ఒకసారి చూశాడు. దొంగతనం చేసేవాడిలా వంగి, తన మిషను గుంపు పేరు తెరిచాడు. 'ముత్యం' కొట్టేశాడు. ఆ చోట 'మెరుపు' అని కొట్టాడు. మిషను మళ్ళీ మొదలవ్వాలంది. అవ్వనిచ్చాడు.

మళ్ళీ మొదలై, తెర వెలిగాక, గుంపులో ఎవరున్నారో చూశాడు. ఒకే ఒక్క మిషను ఉంది. అది తనదే.

బహుశా ఆలస్యమవుతుందేమోనని ఆగాడు. మళ్ళీ నొక్కాడు. తనదే. కిటికీ మూసి తెరిచినట్టు తెర మీది ఆ జాబితాను మూసి మళ్ళీ తెరిచాడు. మెరుపు అనే ఇంట్లో అతనొక్కడే కూర్చుని ఉన్నాడు. ఇంటివాడు లేడు.

అప్పుడే పైనుంచి చర్రుమని ఒక చప్పుడు వచ్చింది. అట్టపెట్టెలకు అంటించే టేపును చుట్టలోంచి లాగే చప్పుడు. ఒకసారి. మళ్ళీ ఇంకోసారి.

మేస్త్రీ మొహంలోకి రక్తం ఎగదన్నింది. తాను లొంగి వస్తాడని ముందే తెలిసి, గుమ్మం దాకా రానిచ్చి తలుపేశాడన్నమాట! మిషను కట్టేసి మూట కడుతున్నాడన్నమాట! వెనక్కి 'ముత్యం' అని మార్చేద్దామని వేళ్ళు మీటల మీద పెట్టాడు. కానీ కొట్టలేకపోయాడు.  రేపటి నుంచి నెత్తి మీద కుర్చీ జరగదు.

టేపు చప్పుడు ఆగింది. మెట్ల మీద అడుగులు. బావమరిది ఒక అట్టపెట్టె ఎత్తుకుని దిగి వస్తున్నాడు. తెల్ల డబ్బా ఉన్న గూటి దగ్గర ఆగాడు.

"అక్కా!" అని పిలిచాడు. "లేచావా? మీ ఆయనకు ఒక మాట చెప్పు. ఇష్టం లేకపోతే లేదని పొద్దున్నే చెప్పాల్సింది. నాకు ఇంత తలవంపులు తేవాల్సిన పని లేదు."

లోపలి నుంచి ఆవిడ కుంటుతూ వచ్చింది. "ఏమైందిరా?"

"నేను దిగి వచ్చి పేరు మార్చుకున్నా. ఆయన మిషను కట్టేసి కూర్చున్నాడు."

"తలవంపులా? ఎవరికి తలవంపులు?" మేస్త్రీ ముందుగదిలోంచి బయటికొచ్చాడు. "నా మిషను పొద్దుటి నుంచీ వెలుగుతూనే ఉంది. కట్టేసింది ఎవరో వాడినే అడుగు! నేను వాడి పేరు పెట్టుకుని, వాడి గుమ్మంలో గంటసేపు నిలబడ్డా!"

"ఏ పేరు?" అంది ఆవిడ.

"మెరుపు."

బావమరిది చేతిలో పెట్టె కొంచెం కిందికి జారింది. "నేను ముత్యం పెట్టుకున్నా," అన్నాడు. అక్కతో కాదు.

మెట్ల మీద ఒకడు, మెట్ల కింద ఒకడు, మధ్య ఆవిడ.  తర్వాత ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆగలేదు. నవ్వుతూ గోడ పట్టుకుంది, మోకాలు పట్టుకుంది, "అబ్బా నొప్పి, అబ్బా" అంటూనే నవ్వింది.

"వీడు వాడింటికి, వాడు వీడింటికి! దారిలో ఎదురుపడలేదా వెధవల్లారా!" అంది. పక్కనే మొగుడున్నాడన్న ధ్యాస కూడా లేదు.

"నవ్వింది చాలు," అన్నాడు మేస్త్రీ. తర్వాత, మెట్ల వైపు చూడకుండా, "నీ పేరే ఉండనీ. పైకి పోయి మళ్ళీ మార్చు," అన్నాడు.

"మార్చను బావా. పెట్టిన పేరు పెట్టా. నువ్వే నీది వెనక్కి తెచ్చుకో."

"నేను తేను."

"నేనూ తీయను."

"చూశావటే, ఇన్నేళ్ళైనా మొండితనం పోలేదు," అన్నాడు మేస్త్రీ.

"నాకు చెప్పకండి," అంది ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ. "ఎదురుగా ఉన్నాడు, వాడికే చెప్పుకోండి."

మేస్త్రీ చెప్పులు విడిచి, కమ్మీ పట్టుకుని, మెట్లెక్కడం మొదలుపెట్టాడు. దగ్గరుండి కట్టించిన మెట్లే అవి. కానీ ఎక్కి ఏళ్ళయింది. బావమరిది పెట్టెను కడుపుకు అదుముకుని గోడవైపుకు ఒదిగి దారిచ్చాడు. పక్కనుంచి పోతుంటే పెట్టె అంచు మేస్త్రీ చొక్కాకు రాసుకుంది.

గది అతను అనుకున్నట్టు లేదు. ఇంకా పెద్దదేదో అనుకున్నాడు. పరుపు చుట్టి గోడకు నిలబెట్టి ఉంది. తాడు మీద రెండు చొక్కాలు మిగిలాయి. టేపు చుట్ట నేల మీద, సగం మూసిన పెట్టెలు దాని చుట్టూ. మిషను మాత్రం ఇంకా సర్దలేదు, వెలుగుతూనే ఉంది. దాని ముందు కీబోర్డు మీద మడిచి పెట్టిన కళ్ళజోడు ఒకటి.

"ఎవరిది ఇది?" అన్నాడు మేస్త్రీ.

"నాదే."

"ఎప్పుడు పెట్టుకున్నావు?"

"నాలుగేళ్ళవుతోంది."

మేస్త్రీ దాన్ని జాగ్రత్తగా తీసి పక్కన పెట్టాడు. ఒకే ఇంట్లో ఉంటూ, వీడి కళ్ళు మసకబారిన సంగతి తెలియలేదు. ఆవిడ ఈ మాట మోసుకురాలేదు. అడిగితేగా మోసేది.

కుర్చీలో కూర్చుని 'ముత్యం' కొట్టేశాడు. 'మెరుపు' అని కొట్టాడు.

"బావా, వద్దు..."

"ఊరుకో. నా చెయ్యి, నా ఇష్టం."

మిషను ఆరిపోయి మళ్ళీ మొదలైంది. తెర నల్లగా ఉంది. చేసేందుకు ఏమీ లేదు, చూడటానికి ఏమీ లేదు. ఇద్దరూ ఆ నల్ల తెరకేసే చూస్తూ ఉన్నారు. అందులో ఇద్దరి మొహాలూ కనబడుతున్నాయి. రెండూ వయసు మీదపడ్డ మొహాలే.

"ఆ రోజు హెడ్మాస్టరు ముందు..." అని మొదలుపెట్టాడు బావమరిది.

"ఆ వాక్యం సంగతి చెప్పు. నేను దిద్దింది తప్పా?"

బావమరిది ఇబ్బందిగా చెవి గోక్కున్నాడు. "ఆయన రాసిందీ తప్పే బావా. నువ్వు దిద్దిందీ తప్పే."

మేస్త్రీ భుజాలు కదిలాయి. మొదట దగ్గేమో అనుకున్నాడు బావమరిది. కాదు. నవ్వు. చాలాకాలం వాడక తుప్పుపట్టిన నవ్వు, కిర్రుమంటూ వచ్చింది.

"సోమవారం పోతున్నావా?" అన్నాడు నవ్వు ఆగాక.

"పిలిచారు."

"పిలిస్తే పోతావా?"

"పిలిచిన చోటికే కదా బావా పోతారు. ఇక్కడ ఎవరూ పిలవలేదు."

తెర మీద వెలుగు వచ్చింది. మేస్త్రీ దాన్ని చూడటం లేదు. ఏడో తరగతి దాకా చదివినా, డెబ్భయ్యో తరగతి దాకా చదివినా, కొన్ని మాటలు ఏ బడిలోనూ నేర్పరు. ఎవరికి వాళ్ళు గళ్ళ పెట్టెలోంచి ఒక్కో అక్షరం ఏరుకోవాల్సిందే.

"ఉండరా," అన్నాడు.

బావమరిది పెట్టెను నేల మీద పెట్టాడు. అటు తిరిగి, తాడు మీద ఉన్న చొక్కాను తీయబోయి, తీయకుండా సర్ది వదిలేశాడు.

"చూడు ముందు, కనబడుతోందా?" అన్నాడు తెర వైపు తిరిగి.

మేస్త్రీ గుంపును తెరిచాడు. పై మిషనూ కింది మిషనూ ఒకదాని కింద ఒకటి. కింది మిషనును తెరిస్తే అతను మొన్నటి నుంచీ కట్టి విప్పిన పేజీలన్నీ బయటపడ్డాయి. బావమరిది వంగి, కళ్ళజోడు పెట్టుకుని చూశాడు.

"ఇదేంటి బావా, ఒకటే పేజీ ఇన్నిసార్లు?"

"నీకెందుకు?"

"ఏమైందిరా? కలిశాయా లేదా?" కిందనుంచి ఆవిడ అరుపు.

"అంచు వంకరగా ఉంది," అన్నాడు బావమరిది తెర మీద వేలు పెట్టి.

"నీ కళ్ళజోడు వంకర."

"కొలిచి చూద్దామా?"

"కొలువు!"

"ఏమండీ! ఒరేయ్!" ఆవిడ కుర్చీ చేతిని బాదుతోంది. "నేను ఎక్కలేనని తెలుసుగా! ఏమైందో ఎవరో ఒకళ్ళు నాకు చెప్పి చావండి!"

ఇద్దరూ ఒకేసారి జవాబు చెప్పారు. ఆవిడకు ఒక్క ముక్క కూడా అర్థం కాలేదు.